సాంసన్ గుండెలో బుగ్గ

మరిపెడ ట్రాక్టర్ షోరూంలో సాంసన్ నోటికి మంచి పేరుంది. అరెకరం రైతుకు కూడా రోటవేటర్‌తో సహా ట్రాక్టరు కావాల్సిందేనని ఒప్పించగలడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ రైతు ఎదురుపడకుండా సందులు తిరిగి పోగలడు కూడా. అలాంటి నోరు రెండు అబద్ధాలు, ఒక మౌనంతో తన గుండె మీదికే తెచ్చిన కథ ఇది.

గుండె సంగతి ముందే చెప్పుకోవాలి. ఇంట్లో పెట్టిన పేరేమో సాంసన్, బైబిల్లో సింహాన్ని చీల్చిన బలశాలిది. డోర్నకల్ చర్చిలో ఆ పేరు పిలిస్తే కొత్తగా వచ్చినవాళ్లు కండలు తిరిగిన మనిషి కోసం వెతుకుతారు. లేచి నిలబడేది బెల్టుకు అదనంగా రెండు చిల్లులు పొడిపించుకున్న మనవాడు. ఆరో తరగతిలో వచ్చిన కీళ్ల జ్వరం పోతూ పోతూ గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపును కాస్త బిగించి పోయింది. ఆ తలుపునే డాక్టర్లు మైట్రల్ వాల్వు అంటారు, జనం వాల్ అంటారు. అప్పటి నుంచి మూడు వారాలకోసారి నడుము కింద పెన్సిలిన్ సూది, ఏడాదికోసారి మహబూబాబాద్‌లో, అంటే మానుకోటలో, గుండెకు ఎకో స్కానింగు.

ఈసారి వానలో దవాఖానకు పోయేసరికి ఎకో గదిలో పాత టెక్నీషియన్ లేడు. రిటైరైపోయాడట. ఆయన కుర్చీలో కూర్చున్న అమ్మాయి తలెత్తి, పేరడిగి, అంగీ విప్పి పడుకోమంది. సాంసన్‌కు పాతకాపునన్న గర్వం పొడుచుకొచ్చింది.

"నాకంత ఎరుకే మేడం. ఎడమ దిక్కు తిరగాలె, చెయ్యి తలకాయ కింద పెట్టాలె. ఆరో తరగతి కాన్నుంచి చేయించుకుంటున్న."

"అయితే మీరే చేసుకోండ్రి," అందా అమ్మాయి మెషీన్ వైపు చూస్తూనే. "నేను చాయ్ తాగొస్త."

తల కొట్టేసినట్టయింది మనవాడికి. నోరు మూసుకుని ఎడమ పక్కకు తిరిగాడు. ఆమె ఛాతీ మీద మూడు స్టిక్కర్లు అతికించింది, చల్లని జెల్ రాసింది, ప్రోబ్ ఆనించింది. స్క్రీన్ మీద సాంసన్ గుండె నలుపు తెలుపుల్లో టపటపలాడుతోంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ సేల్స్‌మన్ బుద్ధి ఊరుకోనివ్వదు కదా. లోకంలో ప్రతి మగరోగీ ఎకో గదిలో వేసే పాచి జోకే తనూ వేశాడు.

"అందుల ఎవరన్న కనబడుతున్నరా మేడం?"

"వాల్ కనబడుతుంది. రెండు రెక్కలు అంచుల కాడ అతుక్కున్నయ్. మీరు మాట్లాడితే గది గూడ కనబడది. ఊపిరి బిగవట్టుండ్రి."

అని ఒక్కసారి అతని వైపు తిరిగి, నవ్వాపుకుంటున్నట్టు కింది పెదవి కొరికి, మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. కిటికీ అవతల వాన జోరందుకుంది. ఊపిరి బిగబట్టమన్నది కాబట్టి సరిపోయింది గానీ, బిగబట్టమనకపోయినా సాంసన్‌కు ఆ క్షణంలో ఊపిరి ఆడేది కాదు.

స్క్రీన్ మూలన నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అంకె పడుతుంది. అది నూట పన్నెండు చూపిస్తోంది. ఉరికొచ్చారా అని అడిగిందామె. ఆటోలో కాలు మీద కాలేసుకుని వచ్చిన మనవాడు, బస్టాండ్ నుంచి ఉరికొచ్చానన్నాడు. అయితే బయట బెంచీ మీద కాసేపు కూర్చుని రమ్మంది. కూర్చున్నాడు. గుండె బుద్ధిగా కుదుటపడింది. మళ్లీ లోపలికి పిలిచింది. అంకె మళ్లీ చెట్టెక్కి కూర్చుంది.

"మీకు ఎప్పుడు గింతేనా?"

మిమ్మల్ని చూసినప్పుడే అనాలి నిజానికి. గొంతు దాకా వచ్చింది కూడా. "ఎప్పుడు గింతే మేడం," అన్నాడు సాంసన్.

ఆమె పేరు రేణుక అని బయట నర్సు పిలుస్తుంటే తెలిసింది. అంత చిన్న సమాచారానికే రోడ్డంతా తడుస్తూ, నవ్వుకుంటూ నడిచాడు.

అబద్ధం తన పని తాను చేసుకుపోయింది. హనుమకొండ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే డాక్టర్ శ్రీపాల్ ఆ అంకెలు చూసి, వాల్వు దగ్గర ఒత్తిడి బాగా పెరిగిందే అని కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయాసం వస్తోందా అని అడిగాడు. అడిగినప్పుడు రేణుక పక్కనే నిలబడి ఉంది. వస్తోందని సాంసన్ నిజాయితీగానే ఒప్పుకున్నాడు. గుండె వేగం తగ్గించే గోళీలు రాసి నెల తర్వాత మళ్లీ ఎకోకు రమ్మన్నాడు డాక్టర్. రోగం ముదిరిందని చెబితే ఎగిరి గంతేసిన మొదటి రోగి సాంసనే అయి ఉంటాడు.

ఆ నెలలో మనవాడు గోళీలు తప్పకుండా వేసుకున్నాడు, ఒక లేత నీలం చొక్కా కూడా కొన్నాడు. ఎకో గదిలో మొట్టమొదట విప్పించేది చొక్కానే అని డబ్బులు కట్టాక గుర్తొచ్చింది.

రెండోసారి ఎకో చాలాసేపు పట్టింది. బయట వరసలో ఉన్నవాళ్లు గొణుక్కుంటున్నారు. లోపల రేణుక వాల్వు తెరుచుకునే సందును స్క్రీన్ మీద గీసి కొలుస్తుంది, చెరిపేస్తుంది, మళ్లీ గీస్తుంది. మధ్యలో మాటలు. ఆమెది కాటారం. ఊరి చివరి పొలం దాటితే అడవే. కోతి మంద వస్తే తరమడానికి చిన్నప్పుడు రేకు డబ్బా వాయించేదట, ఇప్పుడు జనం గుండెల చప్పుడు వింటోంది. వాళ్ల బాపు ఐలయ్యకు తన బిడ్డ చేసే పనేంటో ఎంత చెప్పినా అర్థం కాక, ఊళ్లో గుండెల ఫోటోలు తీస్తదని చెప్పుకుంటాడట. సాంసన్ పడీపడీ నవ్వాడు. నవ్వితే బొమ్మ కదులుతుందని కసిరింది. గోళీలన్నీ షోరూంలో పనిచేశాయి, ఇంట్లో పనిచేశాయి, ఈ గదిలో మాత్రం చేతులెత్తేశాయి. అంకె నూట ఎనిమిది.

రేణుక మొహంలో నవ్వు పోయింది. "ఏదో కలుస్తలేదు," అంది తనలో తాను. సందు కొలిస్తే మరీ ఇరుకేం కాదు. ఒత్తిడి చూస్తే మాత్రం బాగా ఇరుకైన వాల్వుకు ఉండాల్సినంత ఉంది.

డాక్టర్ శ్రీపాల్‌కూ ఆ తేడా కనిపించింది. కానీ మందుకు గుండె లొంగడం లేదు, మనిషి ఆయాసమంటున్నాడు. హైదరాబాద్ పంపిస్తానన్నాడు. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పోనిచ్చి, దాని కొసనున్న బెలూన్‌ను వాల్వులో ఉబ్బించి తలుపు తెరుస్తారట. దసరా దాటగానే రోజు కూడా ఖాయం చేశారు.

సాంసన్ తల్లి సువార్తమ్మకు అంత పొడుగు వైద్యం పట్టలేదు. బెలూన్ ఒక్కటే అర్థమైంది. మన దిక్కున బెలూన్‌నూ బుగ్గ అంటారు, కరెంటు బల్బునూ బుగ్గే అంటారు. పిల్లగాని గుండెల బుగ్గ పెడతరంట అని ఆమె డోర్నకల్‌లో కళ్లొత్తుకుంటూ చెప్పిన మాట మరిపెడ చుట్టాల దాకా పోయేసరికి వెలగడం మొదలుపెట్టింది. బుగ్గకు కరెంటు ఎక్కడికెళ్లి ఇస్తరు, కరెంటు పోతే పిల్లగాని గతేందని ఒక పెద్దమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ప్రార్థన కూటంలో ఎవరో కోత లేని కరెంటు కోసం కూడా ప్రార్థించారు. షోరూంలో తోటి సేల్స్‌మన్ హరీశ్ అయితే చిన్న ఇన్వర్టర్ కూడా పెట్టించుకో అన్నా, నేను డిస్కౌంట్ ఇప్పిస్తా అన్నాడు.

అందరితో కలిసి తనూ నవ్వేవాడు గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు సాంసన్‌కు భయమేసేది. గుండె అంటే ఆషామాషీ కాదు. తండ్రి లేని ఇంటికి తనొక్కడే దిక్కు.

అంతలో జనగామలో షోరూం కొత్త బ్రాంచి పెడితే కొన్నాళ్లు అక్కడ ఉండాల్సి వచ్చింది. బుగ్గ పెట్టించుకునే ముందు ఇంకో దవాఖానలో చూపించుకొమ్మని తల్లి ఫోన్లో ప్రాణం తీసింది. ఆమె పోరు పడలేక ఒక దవాఖానకు వెళ్లాడు. అక్కడ ఎకో చేసింది వెంకట్ అనే పెద్దాయన. బుర్రమీసాలు, ఛాతీ మీద ఇటుక పెట్టినట్టు ఆనే చెయ్యి. పని కానిచ్చి, అంకెలు చూసి, నీకు బెలూన్ ఎవరు పెడతామన్నారు తమ్మీ అని అడిగాడు. సాంసన్ మానుకోట సంగతి చెప్పాడు. అక్కడ గుండె నూట పది కొట్టుకుంటుందన్న మాట వినగానే వెంకట్ ప్రోబ్ పక్కన పెట్టాడు.

"మీ డోర్నకల్ రైలు గేటు ఎరుకే గద. గేటు సగమే తెరిచిరనుకో. బండ్లు నిమ్మళంగ వస్తే ఒక్కటెనుక ఒక్కటి పోతయ్. అందరు ఒక్కపారే తొందర పడితే ఎనుక జామైతది. గేటు ఇరుకైనట్టా? కాదు. నీ వాల్ గూడ గంతే. గుండె తొందర పడితే ఒత్తిడి ఎక్కువ సూపెడతది. ఈడ డెబ్బై రెండు కొట్టుకుంటుంది, ఒత్తిడి సగం గూడ లేదు. ఆడ అంత తొందర ఎందుకు పడ్డదో గది ఎతుక్కో."

"ఏమో అన్నా," అన్నాడు సాంసన్.

"ఆడ ఎకో చేసేదెవరు?"

"రేణుక మేడం."

వెంకట్ జెల్ తుడుచుకొమ్మని బట్ట అందిస్తూ మీసం చాటున నవ్వుకున్నాడు.

జనగామ బస్టాండులో కూర్చుని సాంసన్ తన బతుకును తూచి చూసుకున్నాడు. ఒక పక్క, అక్కర్లేకపోయినా గుండెలో ఉబ్బించే బెలూన్. ఇంకో పక్క, ఒకమ్మాయితో చెప్పాల్సిన నాలుగు ముక్కలు. ఏ బుద్ధున్నవాడైనా నాలుగు ముక్కలే చెప్పేస్తాడు. మనవాడికి మాత్రం తొడలోంచి గొట్టం పోనివ్వడమే తేలికనిపించింది. బెలూన్ పెట్టేటప్పుడు కనీసం మత్తు సూదన్నా ఇస్తారు.

కానీ సువార్తమ్మ ఊరుకునే రకం కాదు. జనగామ అంకెల సంగతి, వెంకట్ పేరుతో సహా, మానుకోట దవాఖానకు ఫోన్ చేసి దులిపేసింది. మర్నాడు సాంసన్ ఒక రైతుకు క్లచ్ గురించి చెబుతుండగా ఫోన్ మోగింది. రేణుక. డాక్టర్‌గారు తన ముందే మళ్లీ చేయించి చూస్తారట, శుక్రవారం రమ్మంది. అంతటితో పెట్టేయలేదు.

"నా చెయ్యి తప్పయ్యుంటది," అంది. గొంతు బాగా తగ్గిపోయింది. "మిమ్మల్ని, మీ అమ్మను వట్టిగనే పరేషాన్ చేసిన. ఏమనుకోకుండ్రి."

ఫోన్ పెట్టాక రైతు క్లచ్ గురించి మళ్లీ అడిగాడు. ఇంకో కంపెనీ బండి బాగుంటుంది పెద్దయ్యా, అది కొనుక్కో అన్నాడు సాంసన్. ఉద్యోగంలో చేరాక అతను చెప్పిన మొదటి నిజం అదే కావచ్చు.

శుక్రవారం మళ్లీ వాన. సువార్తమ్మ బయట బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుంది. లోపల డాక్టర్ శ్రీపాల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేణుక స్టిక్కర్లు అతికించింది, ప్రోబ్ పట్టుకుంది. ఒకటికి రెండుసార్లు జరిపి చూసుకుంది. అంకె నూట పది. డాక్టర్ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. రేణుకే అంది.

"సర్, ఈయనకు ఎవరన్న వేరేటోళ్లు చేస్తేనే మంచిది. నాకెందుకో ప్రతిసారి తప్పే వస్తుంది. నేర్చుకున్నదాంట్లనే ఏదో లోపమున్నది."

ఆమె కళ్లలో నీళ్లు తిరగడం సాంసన్‌కు పడుకున్న చోటు నుంచే కనిపించింది. ఛాతీ నిండా జెల్, ఒంటి మీద చొక్కా లేదు, తల కింద చెయ్యి తిమ్మిరెక్కింది. ప్రేమ సంగతి చెప్పడానికి ఇంతకంటే దరిద్రపు అవతారం ఉండదు. అయినా ఇక ఆగలేకపోయాడు.

"తప్పు మేడం చేతిది కాదు సర్. నాదే." స్టిక్కర్లతో సహా లేవబోయి మళ్లీ వాలాడు. "నాకు ఎప్పుడు గిట్ల కొట్టుకోదు. అబద్ధం చెప్పిన. మేడంను చూస్తేనే కొట్టుకుంటది. మొదటి దినం కాన్నుంచి గంతే. ఆయాసం గూడ గందుకే. నేను రేణుక మేడంను ప్రేమిస్తున్న సర్."

చెప్పాల్సింది ఆమెతో, చెప్పింది డాక్టర్‌తో. అదీ మనవాడి తెలివి.

డాక్టర్ శ్రీపాల్ అంకె వైపు చూశాడు, అది నూట ఇరవై దాటింది. రేణుక వైపు చూశాడు. ఆమె గోడకున్న గుండె బొమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

"రేణుకా, జర బయటికి పో అమ్మా," అన్నాడు ఆయన.

ఆమె వెళ్లింది. తలుపు మూసుకుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని తనే ప్రోబ్ అందుకున్నాడు. అంకె మెల్లగా దిగింది, ఎనభై దగ్గర కాసేపు తచ్చాడి డెబ్బై ఆరు దగ్గర నిలబడింది. ఒత్తిడి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తర్వాత ఎందుకైనా మంచిదని రేణుకను లోపలికి కేకేశాడు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే అంకె నూటికి ఎగబాకింది.

"చాలు, పో," అన్నాడు డాక్టర్. ఆయనకు నవ్వు ఆగలేదు.

వాల్వు కాస్త ఇరుకే గానీ ఇప్పట్లో బెలూన్ అక్కర్లేదని తేల్చాడు. సూదులు మానొద్దు, ఏడాదికోసారి ఎకో మానొద్దు. ముందు ముందు ఇరుకైతే అప్పుడు చూద్దామన్నాడు. గుండె ఎందుకు ఉరుకుతోందో డాక్టర్‌కు చెప్పకపోవడం కూడా ఒక రోగమేనని చీవాట్లు పెట్టాడు. ఎకో ఎవరు చెయ్యాలో మీరిద్దరే తేల్చుకోండ్రి అని నర్సును పిలిచి ఇంకో రోగిని పంపమన్నాడు.

చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని సాంసన్ బయటికొచ్చాడు. బెంచీ మీద తల్లి, తల్లి పక్కన రేణుక. పారిపోదామంటే వాన.

బుగ్గ అక్కర్లేదని వినగానే సువార్తమ్మ దేవునికి దండం పెట్టుకుంది. పెట్టుకుని వెంటనే అనుమానపడింది. "మరి ఇన్ని దినాలు గట్ల ఎందుకు కొట్టుకున్నదంట?"

సాంసన్ వాన వైపు చూశాడు. ఆమెకు జవాబు రేణుకే చెప్పింది.

"నన్ను చూసి కొట్టుకున్నదంట అత్తా."

సువార్తమ్మ ఆ పిల్లను చూసింది, కొడుకు తప్పు గుండీలను చూసింది. అత్తా అన్న మాటను కాసేపు నోట్లో చక్కెర లాగా నాననిచ్చింది.

"గదా సంగతి," అంది. "నేనింక కరెంటు గురించి పరేషానైతున్న."

తర్వాత ఆమెకే దిగులు పట్టుకుంది. మేము చర్చికి పోయేటోళ్లం బిడ్డా, మీ బాపు ఏమంటడో అంది. కోపమైతడు అంది రేణుక దాచకుండా. కొన్నాళ్లు మాట్లాడడు, ఒప్పించే పని తనదే. అయినా ఆయన ముందుగా అడిగేది చర్చి గురించి కాదు, పిల్లగాని గుండె గురించేనట.

"ఏమని చెప్తరు?" అన్నాడు సాంసన్. మనసు బయటపెట్టాక ఆమెతో మాట్లాడిన మొదటి మాట.

"తలుపు జర ఇరుకు గాని, ఒక్కలు పట్టేంత జాగ ఉన్నదని చెప్త."

సువార్తమ్మకు ఉన్నట్టుండి నీళ్లు తాగాలనిపించి లేచి వెళ్లింది. రేణుక చేతిలో ఇంకా జెల్ తుడిచే బట్ట ఉంది. దాన్ని మడతలు పెడుతూ తలొంచుకునే మాట్లాడింది.

"వాల్ కొలత మొదటిసారి గీసినప్పుడే సరిగ్గ వచ్చింది. మళ్ల మళ్ల గీసిన. అయిపోయిందంటే మీరు లేచి పోతరని." బట్టను ఇంకో మడత పెట్టింది. "నాకు గూడ మీరంటే ఇష్టమే. చెప్పేదానికి నోరు రాలె. అయినా మీ గుండె ఉరుకుతుంటే దాని ఎనుక వేరే రోగమున్నదేమోనని నేను పడ్డ భయం నాకే ఎరుక. ఇంకోసారి అబద్ధం చెప్తే ఊరుకోను."

చెప్పనన్నట్టు సాంసన్ తలూపాడు. అరెకరం రైతుకు ట్రాక్టర్ అంటగట్టే నోటికి ఒక్క మాట దొరకలేదు.

"ఇగ మీ ఎకో నేను చెయ్య," అంది రేణుక.

మనవాడి మొహం వాడిపోయింది.

"నేను చేస్తే ఎప్పటికి లెక్క తప్పే వస్తది. ఏడాదికోపారి జనగామ పోయి వెంకటన్న తోటే చేయించుకోవాలె."

"మరి మీరు?"

"తోడొస్త. తలుపు బయట కూసుంట."